ఇప్పపువ్వు ఎవరిది, సీసా ఎవరిది?

మన దుకాణాల్లో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో చాలావాటికి ప్రభుత్వం పెట్టిన పేరు 'భారత్‌లో తయారైన విదేశీ మద్యం'. పేరులోనే పేచీ ఉంది. చక్కెర తీశాక మిగిలిన చెరకు మడ్డిని పులియబెట్టి, స్తంభాల్లా నిలబెట్టిన యంత్రాల్లో నూటికి 96 పాళ్లు ఆల్కహాలు ఉండేదాకా శుద్ధి చేస్తారు. అంత శుద్ధి అయ్యాక దానికి రుచీ ఉండదు, వాసనా ఉండదు. దానికి రంగు, పరిమళం చేర్చి, నీళ్లతో పలచన చేసి సీసాకెత్తితే విదేశీ మద్యం అయిపోతుంది. ఆదిలాబాద్ అడవిలోనో, గోదావరి మన్యంలోనో చెట్టు కింద ఏరుకున్న ఇప్పపువ్వును నానబెట్టి కుండల్లో కాస్తే మాత్రం అది నాటుసారా. దాని కోసం ఎక్సైజు వాళ్లు వస్తారు, కుండలు పగులుతాయి, కేసు నమోదవుతుంది. మందు మంచిదా చెడ్డదా అన్న విచారణ తర్వాత చేసుకోవచ్చు. ముందు ఈ పేర్ల వెనక ఉన్న పక్షపాతం సంగతి చూడాలి. ఈ నేలమీద పుట్టిన పానీయం పరాయిదై, పరాయి పేరు తగిలించుకున్నది గౌరవనీయమైంది.

ఇప్పుడు గాలి కొంచెం మారింది. గత పదిహేనేళ్లుగా మన దేశంలోనూ క్రాఫ్ట్ డిస్టిలరీలు వస్తున్నాయి. అంటే చిన్న బట్టీ, తక్కువ మోతాదు, ఏ నేలలో దొరికిన సరుకుతో ఆ నేల రుచి పట్టుకోవాలన్న ఆరాటం. వీటి సీసాలమీద రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి: స్థానికం, వారసత్వం. మొదటిది నిరూపించడం తేలిక, పువ్వు ఏ సంతలో కొన్నారో బిల్లు చూపిస్తే చాలు. రెండోదానికి బిల్లు ఉండదు. ఆ కాచే విద్య ఎవరు కాపాడుకుంటూ వచ్చారు, కాచే హక్కు ఇప్పుడు ఎవరి పేర రాసి ఉంది, సీసా అమ్మిన డబ్బులో ఎంత పాలు వెనక్కి వాళ్ల ఊరికి వెళుతోంది అని అడగాలి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని డిస్టిలరీ మంచి మద్యమే తయారు చేయవచ్చు గాని, వారసత్వం మాట ఎత్తకూడదు. ఇప్పసారా విషయంలో ఈ మాట ఎందుకు గట్టిగా చెప్పాల్సి వస్తుందో చూద్దాం.

మధ్య భారతం నుంచి మన ఏజెన్సీ దాకా, గోండులు, కోయలు, కొండరెడ్లు, ఇంకా ఎన్నో తెగలవాళ్లకు ఇప్ప ఇంటి చెట్టు లాంటిది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు రాల్చి మొగ్గ తొడుగుతుంది. పువ్వు రాత్రిపూట విచ్చుకుని తెల్లవారేసరికి నేల రాలుతుంది. ఆ వేళకే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్టు కిందికి చేరతారు. ఎలుగుబంటికి కూడా ఆ పువ్వంటే ప్రాణం కాబట్టి ఈ ఏరుడు అంత సుఖమైన పని కాదు. రాలేది కండగల రేకుల భాగమే, కాయయ్యే భాగం కొమ్మమీదే ఉండిపోతుంది. కనుక పువ్వు ఏరుకున్నా కాయకు లోటు రాదు, వానాకాలం మొదట్లో గింజల నుంచి ఇప్పనూనె తీసుకోవచ్చు. ఎండితే ఎండుద్రాక్షలా ముడుచుకునే ఈ పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. ప్రపంచంలో పువ్వు వాడే మద్యాల్లో చాలావాటికి అది పరిమళం కోసమే, పులిసే చక్కెర ధాన్యం నుంచో పండు నుంచో వస్తుంది. ఇక్కడ రెండూ పువ్వే ఇస్తుంది. ఎండు పువ్వును కొన్ని రోజులు నీళ్లలో నానబెడితే ఊట తయారవుతుంది. ఊట ఉన్న కుండ పొయ్యిమీద, దానిపైన అడుగున చిల్లులున్న కుండ, అందులో చిన్న పాత్ర, అన్నిటికీ పైన చన్నీళ్ల గిన్నె, సందులకు మట్టి మెత్తుతారు. ఆవిరి పైకి లేచి చల్లటి గిన్నె అడుగుకు తగిలి బొట్టు బొట్టుగా పాత్రలో పడుతుంది. పై నీళ్లు వేడెక్కగానే మార్చాలి. ఎప్పుడు మార్చాలో, మంట ఎంత ఉండాలో, తొలిధార ఎంత పారబోయాలో, చివరి ధార ఎక్కడ ఆపాలో చెప్పే పుస్తకం లేదు. ముక్కు, నాలుక, అనుభవం చెబుతాయి. దేవుళ్లకు సాక పోయడం దగ్గర్నుంచి పెళ్లి, చావు దాకా ప్రతి కార్యంలోనూ ఈ సారాకు చోటుంది. పువ్వుతో ఆసవం చేయడం చరకసంహితలోనూ కనిపిస్తుంది, ఆ జాబితాలో ఇప్పకూ చోటుంది. సీసా అమ్మేవాళ్లు ఆ సంస్కృత గ్రంథాన్ని తలుచుకోవడానికి ఉత్సాహపడతారు గాని, కుండ దగ్గర కూర్చున్న గోండు ఆడమనిషిని తలుచుకోవడానికి అంత ఉత్సాహపడరు. విద్యను ప్రాణంతో ఉంచింది ఆవిడే.

ఇంత మామూలు ఇంటిపని నేరం ఎలా అయింది? దీనికి తేదీలతో సహా జవాబుంది. పన్ను కోసం మద్యాన్ని కొన్ని కేంద్ర బట్టీల్లోనే కాచాలని, అమ్మే హక్కు వేలంలో పాడుకున్నవాడికే ఉండాలని ఆంగ్లేయుల ప్రభుత్వాలు పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆబ్కారీ చట్టాలు బిగించాయి. బొంబాయి రాజ్యంలో 1878 చట్టం ఆ పని చేసింది. ఇంట్లో కాచుకోవడం అయినా ఆగకపోయేసరికి, 1892లో అక్కడి ప్రభుత్వం థానే, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు మీదే ఆంక్షలు పెడుతూ ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చింది. కరువులో పేదలు ఉడకబెట్టుకుని తినే తిండి ఆ పువ్వు. మన గోదావరి ఏజెన్సీలో కథ ఇంకా వేడెక్కింది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా కుదరదని, ఆ ఆదాయం మైదానాల నుంచి వచ్చిన పాటదార్లకు అప్పగించారు. రంప మన్సబుదారు కల్లు మీద వేసే చిగురుపన్ను దానికి తోడైంది. 1879లో రంపలో తిరుగుబాటు లేచింది. అల్లూరి సీతారామరాజు పోరాటానికి నలభై ఏళ్ల పైచిలుకు ముందు, అదే కొండల్లో జనం ఆయుధాలు పట్టడానికి కారణాల్లో ఒకటి తమ చెట్టు కల్లు తాము తాగే హక్కు. ఆరోగ్యం గురించి గాని, నీతి గురించి గాని ఆ చట్టాలు చేసినవాళ్లలో బాధపడినవాళ్లు అరుదు. బాధంతా ఖజానా గురించే. స్వాతంత్ర్యం వచ్చాక దొర పోయాడు, పాట మాత్రం నిలిచింది. 'నాటు' అన్న మాటకు మనం ఇవాళ ఇచ్చే తక్కువ విలువ ఆ పాటల లెక్కల్లోంచి పుట్టిందే.

ఈ చరిత్ర తెలిశాక, ఇప్పసారాను క్రాఫ్ట్ సీసాలోకి ఎక్కించే పెట్టుబడిదారుడు పాటదారుకు ఎంత దూరంగా నిలబడ్డాడో చూడక తప్పదు. చిన్న లెక్క వేద్దాం. కిలో చక్కెర పూర్తిగా పులిస్తే సిద్ధాంతం ప్రకారం సుమారు 640 మిల్లీలీటర్ల ఆల్కహాలు రావాలి. కిలో ఎండు పువ్వులో సగం చక్కెర అనుకుంటే 320 వస్తుంది. పులియడంలో, కాచడంలో పోయేది పోగా, 40 శాతం గాఢత ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాకు కిలోన్నర, రెండు కిలోల పువ్వు పడుతుందనుకోవచ్చు. కిలో యాభై రూపాయలు అనుకున్నా పువ్వు ఖరీదు వంద దాటదు. సీసా ధర వెయ్యి దాటినచోట మిగిలిన తొమ్మిది వందలు పన్నుకు, గాజుకు, రవాణాకు, దుకాణానికి, యజమానికి వెళతాయి. దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. పువ్వుకు రెట్టింపు ధర ఇచ్చినా ఏ డిస్టిలరీ మునిగిపోదు, కాబట్టి ఇవ్వలేమనడం సాకు. రెండో సంగతి, రెట్టింపు ధర ఇచ్చినా ఏరేవాళ్లకు అందేది సీసా విలువలో చిన్న ముక్కే. అసలు విలువ కాచడంలోనూ, అమ్మడంలోనూ ఉంది, ఆ రెండు మెట్లూ లైసెన్సు ఉన్నవాడివి. స్థానిక సరుకుతో నాణ్యమైన మద్యం తీయవచ్చని మన నేలమీదే రుజువైంది. దక్కన్ పీఠభూమిలో పొలాల గట్లమీద కంచెగా నాటే కిత్తనార జాతి మొక్కల నుంచి, మెక్సికో టెకీలా పద్ధతిలో, చిత్తూరు జిల్లాలోని బట్టీలో డెస్మండ్ నజరెత్ మద్యం తీశారు. 2011లో అది అంగడికి వచ్చింది. ఆయనే 2018లో ఇప్పపువ్వు మద్యాన్ని కూడా తెచ్చారు. నాటుసారా వర్గంలో కాకుండా, పట్నపు బార్లలో పేరుపెట్టి అడిగే సరుకుగా ఇప్పను నిలబెట్టే ప్రయత్నం అది, దాన్ని మెచ్చుకోవాల్సిందే. ఎవరూ తొక్కని దారి తొక్కినవాడికి ఆ మాత్రం మర్యాద దక్కాలి. అయినా దారి పడ్డాక ఆ దారిన ఎవరు నడుస్తారన్నది విధానం తేల్చాల్సిన విషయం.

విధానం ఎలా ఉండవచ్చో చెప్పడానికి గోవా దగ్గరి ఉదాహరణ. పోర్చుగీసులు బ్రెజిల్ నుంచి తెచ్చిన జీడిమామిడి నాలుగైదు వందల ఏళ్లలో గోవా సొంత చెట్టైపోయింది. పండు తొక్కి రసం తీసి, పులియబెట్టి ఒకసారి కాస్తే ఉర్రాక్, మళ్లీ కాస్తే ఫెనీ. ఎంత పేరున్నా చట్టం దృష్టిలో అది నాటుసారాగానే మిగిలి, రాష్ట్రం దాటి పోలేకపోయింది. 2009లో జీడి ఫెనీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో గోవా తన ఎక్సైజు చట్టాన్ని సవరించి ఫెనీని వారసత్వ మద్యంగా నిర్వచించింది. అంటే పేరు మార్చడం ప్రభుత్వం చేతిలో పనే, శాసనసభలో ఒక సవరణ చాలు. అయితే గుర్తింపు ఒక్కటే అన్నీ చక్కబెడుతుందనుకుంటే మెక్సికో వైపు చూడాలి. అక్కడ మెజ్కాల్‌కు 1994లో మూలస్థాన రక్షణ ఇచ్చారు. తర్వాత తయారీ పద్ధతిని బట్టి మామూలు, చేతిపనితనపు, పూర్వికుల పద్ధతి అని మూడు తరగతులు చేశారు. మట్టికుండలో కాచేది మూడో తరగతి, దానికే గౌరవమెక్కువ. చాలా తెలివైన ఏర్పాటు. కానీ ధ్రువపత్రానికి అయ్యే ఖర్చు, కాగితాల బెడద భరించలేని పల్లెటూరి కాచేవాళ్లు తమ తాతల మద్యాన్ని ఆ పేరుతో అమ్ముకునే వీలు లేక, 'కిత్తనార మద్యం' అన్న ఊరూ పేరూ లేని మాటతో అమ్ముకుంటున్నారు. పేరును కాపాడే చట్టం పేరున్నవాళ్లనే బయటికి నెట్టింది. భౌగోళిక గుర్తింపు కోసం మనవాళ్లు దరఖాస్తు పెట్టే రోజున ఈ గుంట కనబడాలి.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. తెలుగునాట సారా గురించి ఎవరు మాట్లాడినా దూబగుంట గుర్తుకు రావాలి. అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకున్న నెల్లూరు జిల్లా ఆడవాళ్లు 1992లో సారా దుకాణాలు మూయించారు. మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, రెండోది 1997లో సడలింది. ఇంత పోరాటం జరిగిన చోట సారాకు వారసత్వమని కిరీటం పెట్టడం ఆ ఆడవాళ్లను వెక్కిరించడం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యకూడదు. ఆనాటి సారా ఇంటి కుండలోది కాదన్నది నిజం. చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటును పలచన చేసి, ప్యాకెట్లలో నింపి, 'వారుణి వాహిని' లాంటి పేర్లతో ప్రభుత్వమూ పాటదార్లూ కలిసి గడపగడపకూ చేర్చిన సరుకది. ఆ పోరాటం ప్రధానంగా ఆ పైపులైను మీద. కానీ అంతమాత్రాన, 'మాది కుండ సారా, మేం వేరు' అని తప్పుకోలేం. కూలి డబ్బు తాగేసి వచ్చిన మొగుడు ఏ పువ్వుది తాగాడని ఏ ఇల్లాలూ అడగదు. ఆదివాసులే మద్యం వద్దనుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1922లో దక్షిణ గుజరాత్‌లో దేవి ఆనతి అంటూ వేలమంది ఆదివాసులు కల్లు, సారా మానేశారు. అమ్మే షావుకార్ల పట్టు తెంచడం కూడా అందులో భాగం. అదే కాలంలో మన మన్యంలో సీతారామరాజు కూడా తాగుడు మానమనే చెప్పాడు. కాబట్టి కాచే హక్కు గురించి మాట్లాడేవాళ్లు వద్దనే హక్కును కూడా అదే గొంతుతో ఒప్పుకోవాలి. దానికి చట్టం ఇప్పటికే ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు, పంచాయతీలకు ఉండాలంటుంది, చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యమూ వాళ్లదేనంటుంది. ఊరి ఆడవాళ్లు కూర్చున్న గ్రామసభ తీర్మానం లేకుండా ఏ ఇప్పసారా డిస్టిలరీ పొయ్యి వెలిగించకూడదు. మా ఊళ్లో కాచి మా ఊళ్లో అమ్మకూడదు, పట్నానికే పంపాలి అని ఆ సభ షరతు పెడితే అదీ చెల్లాలి. ఖజానా నింపుకోవడానికి లక్ష్యాలు పెట్టే ప్రభుత్వానికి ఇది రుచించదని తెలుసు.

కల్తీ సారా చావుల మాట ఇంకో అభ్యంతరం. ఈ భయంలో కొంత అపోహ ఉంది. పండు, పువ్వు లాంటివి పులిసినప్పుడు మిథనాలు కొద్దిగా పుట్టడం సహజం. ఊరికి ఊరు నేలకూలే దుర్ఘటనలకు మాత్రం సాధారణంగా కారణం అది కాదు. పరిశ్రమల్లో వాడే మిథనాలును లాభాపేక్షతో ఎవరో సారాలో కలపడమే. గుడుంబాలో నవసారం వేసి మత్తు పెంచడం, దొంగచాటుగా హడావిడిగా కాచడం కూడా దొంగవ్యాపారం తెచ్చిన జబ్బులే. పట్టుబడతానన్న భయంతో కాచేవాడు శుభ్రం చూడడు. పరీక్ష చేయించుకునే దారీ ఉండదు. లైసెన్సు ఇస్తే ప్రతి విడత సరుకును ప్రయోగశాలలో చూడవచ్చు, మిథనాలు ఎంతుందో అంకెల్లో తేల్చవచ్చు. భద్రత కోరేవాళ్లు చిన్న బట్టీని వెలుగులోకి రమ్మనాలి, చీకట్లోకి తరమకూడదు.

పోనీ, ఆదివాసీ సహకార సంఘం రాగి బట్టీ, ప్రయోగశాల, లైసెన్సు ఫీజు, దుకాణాల బేరం ఇవన్నీ నడపగలదా అని అడుగుతారు. అడిగే తీరులో కొంత అహంకారం ఉన్నా ప్రశ్న న్యాయమైందే. మధ్యప్రదేశ్ దీనికి జవాబు వెతుకుతోంది. ఇప్పసారాకు వారసత్వ మద్యం హోదా ఇస్తామని 2021లో ప్రకటించి, తయారీ అనుమతి ఆదివాసీ స్వయం సహాయక బృందాలకే కేటాయించింది. అలీరాజ్‌పూర్ జిల్లాలో ఒక బృందం 'మోండ్' పేరుతో సీసా తెచ్చింది. అది పెద్ద వ్యాపారంగా నిలుస్తుందా లేదా అన్నది కాలం చెప్పాలి గాని, అనుమతి పత్రం మీద ఎవరి పేరుండాలో ఆ రాష్ట్రం సరిగానే ఆలోచించింది. మన అరకు కాఫీనే చూడండి. కొండమీది రైతుల గింజకు 2019లో భౌగోళిక గుర్తింపు దొరికింది, పారిస్‌లో అంగడి వెలిసింది. నాణ్యత నేర్చుకోవడం ఆదివాసీ రైతుకు చేతకాని పని కాదని దాంతో తేలిపోయింది. చిన్నవాళ్లకు అడ్డం చేతకానితనం కన్నా నిబంధన ఎక్కువ. లండన్‌లోనే 2009 దాకా 1,800 లీటర్లకు తక్కువ పట్టే బట్టీకి అనుమతి ఇవ్వడానికి అధికారులు ఒప్పుకునేవారు కాదు. సిప్‌స్మిత్ అనే చిన్న జిన్ కంపెనీ పట్టుబట్టి సాధించాకే అక్కడ చిన్న బట్టీలు వరసకట్టాయి. అక్కడే అట్లా ఉంటే, పెద్ద మిల్లుల కొలతలతో రాసిన మన ఎక్సైజు నిబంధనల్లో ఇరవై మంది ఆడవాళ్ల సంఘం ఎక్కడ పడుతుంది? కుండ వదిలి రాగి పాత్రకు మారితే వారసత్వం పోతుందని కొందరు బాధపడతారు. రాగి గంధకపు వాసనలను తగ్గిస్తుంది, శుభ్రం చేసుకోవడం సులువు. మారాలా వద్దా అన్నది కాచేవాళ్ల ఇష్టం. మ్యూజియంలో బొమ్మల్లా కుండల పక్కన కూర్చోమని వాళ్లను శాసించడానికి మనమెవరం?

అడవి మాట కూడా ఒకటుంది. పువ్వు సులువుగా కనబడాలని చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ నిప్పు అడవికి పాకుతుంది, మొలకెత్తిన చిన్న ఇప్పమొక్కలు కాలిపోతాయి. పాత చెట్లు మిగులుతాయి, కొత్తవి రావు. గిరాకీ పెరిగితే ఈ నష్టమూ పెరుగుతుంది. చెట్టు కింద వల కట్టి పువ్వు పట్టుకుంటే నిప్పు అక్కర్లేదు, మట్టి అంటని పువ్వుకు ధరా ఎక్కువ వస్తుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి 2021లో ఎండు ఇప్పపువ్వు ఓడమీద ఫ్రాన్సుకు వెళ్లింది, సారా కోసమే కాక తిండికి, మందులకు కూడా దానికి బేరముందన్నమాట. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డూలు ఆ దారిలోవే. డిస్టిలరీ పెట్టేవాళ్లు వల ఖర్చు తమ నెత్తిన వేసుకుని, ఏటా ఇన్ని మొక్కలని నాటించాలి. సీసాకు పది రూపాయలు పక్కన పెట్టినా సరిపోయే పని ఇది.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఇవాళ్టికీ ఇప్పసారా కుండ ఎక్సైజు పద్దులో నేరంగానే ఉంది. నాటుసారా అన్న ఒక్క మాటలోంచి దాన్ని విడదీసి, గ్రామసభ ఒప్పుకున్న చోట, ఆదివాసీ సంఘాలకు మాత్రమే, చిన్న బట్టీ కొలతతో అనుమతి ఇచ్చే నిబంధన రాయడం కష్టం కాదు. గోవా, మధ్యప్రదేశ్ రాసినవి ముందున్నాయి. అది రాసేలోపు అడవి బొమ్మతో, అందమైన అక్షరాలతో ఇప్పసారా సీసా ఏదైనా మీ చేతికొస్తే, ముందువైపు పువ్వు కథ చదివాక వెనక్కి తిప్పండి. అడుగున చిన్న అక్షరాల్లో తయారీదారు పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. అవి ఎవరివో చూడండి.